మేక బేరం

ఎలియమాని టై సర్దుకోవడం అది ఎన్నోసారో.

మోషీ పట్నంలో యూనివర్సిటీ వరండా. ఇంకాసేపట్లో వైవా. అది గట్టెక్కితే టూరిజం మేనేజ్‌మెంట్‌లో డాక్టరేట్. డాక్టరేట్ చేతికొస్తే వాండా మేడమ్ లాడ్జిల కంపెనీలో డైరెక్టర్ కుర్చీ. ఆవిడ పక్కనే నిలబడి ఉంది. స్వయంగా చూసుకుని మరీ తీసుకుపోదామని వచ్చింది.

అందుకే రాత్రి నుంచి ఫోన్ ఆపేశాడు. సొంతూళ్ళో, ఉసాంగి కొండల్లో, తబీతా అక్కకి ఒంట్లో బాగాలేదు. తల్లి పోయాక పెంచింది ఆ అక్కే. "వైవా అవనీ, వచ్చేస్తా" అన్నాడు. అక్క సరేనంది. ఆవిడ ఎప్పుడు కాదంది కనక!

"ఓరి పారేవోడా!"

వరండా అంతా తిరిగి చూసింది. మెట్ల కింద ఓ ముసలాయన. టైరు చెప్పులు, మోకాళ్ళదాకా దుమ్ము.

"కోటు అదిరిందిరోయ్! ఎవడి మీద కేసు గెలిచి కుట్టించావ్?"

విద్యార్థులు కిసుక్కుమన్నారు. యాసలోనే తెలిసిపోయింది, చాగ్గా తెగ మనిషి. ఎలియమాని పుట్టిన పారే తెగకూ చాగ్గాలకూ తరతరాలుగా వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే చాలు, బావామరుదుల్లా ఒకర్నొకరు ఆటపట్టించుకోవాలి. ఎవరూ ఉడుక్కోకూడదు. ఎలియమాని థీసిస్ కూడా దాని మీదే. ఆ వేళాకోళాన్ని లాడ్జిల్లో సాయంత్రాలు టికెట్ పెట్టి పర్యాటకులకి ఎలా చూపించాలీ అని.

"తాతా, ఇప్పుడు కాదు," అన్నాడు పళ్ళబిగువున.

"తాతంట! ఎంత లావయ్యావురా! ఇక నిన్ను నేను మొయ్యలేను బాబూ. కోడి పోయిందని ఆవునమ్మి కోర్టుకెక్కే పారేవోడు, ఇంత తిండి ఎప్పుడు తిన్నాడో!"

ఈసారి మేడమ్ కూడా నవ్వింది. ఎలియమాని ఒక్కడే నవ్వలేదు.

ముసలాయన మెట్లెక్కి దగ్గరికొచ్చాడు. "మూతి అలా పెట్టావేంట్రా? ఒక్క నవ్వు నవ్వు. నీ సొమ్మేం పోదు."

"వెళ్తారా లేదా?"

"వెళ్తాలే. మీ అక్క తబీతాని మావాళ్ళు పట్టుకున్నారు. మేకనిస్తేనే వదిలేది. ఏం, బేరమాడవా?"

ఎలియమానికి ఒళ్ళు మండిపోయింది. మంచాన పడ్డ మనిషి మీదా పరాచికాలు? అదీ మేడమ్ ఎదురుగా?

"గార్డ్! ఈ ముసలాణ్ణి బయటికి గెంటు!"

గార్డు రెండు భుజాలూ పట్టుకుని లాగాడు. ఒక చెప్పు ఊడి మెట్ల మీద పడింది. ముసలాయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళలో మాత్రం నీళ్ళు.

"నవ్వరా నాయనా, ఒక్కసారి నవ్వు..."

"నవ్వను! ఇవాళ నేను పారేనీ కాదు, నువ్వు నాకేమీ కావు!"

ఆ మాట అక్కడ ఎవరూ అనరు. ఎంత కోపమొచ్చినా అనరు. విద్యార్థులు తలలు దించుకున్నారు. ముసలాయన నవ్వు ఆగిపోయింది. చెప్పు కోసం కూడా చూడకుండా గార్డు తోసిన వైపు వెళ్ళిపోయాడు.

"ఎవరతను?" అంది మేడమ్.

"ఎవడో తాగుబోతు, మేడమ్."

"పాపం, భలే నవ్వించాడు. ఉతికిన బట్టలు తొడిగితే మన లాడ్జిలో పనికొస్తాడు."

ఎలియమాని హమ్మయ్య అనుకున్నాడు. మన లాడ్జి అంది!

లోపల వైవా జోరుగా సాగింది. అడిగినవాటికల్లా టకటకా చెప్పాడు. చివర్లో పెద్ద ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"లాడ్జి, టికెట్టు, అన్నీ బాగున్నాయి. అసలీ వేళాకోళం దేనికి పుట్టిందయ్యా?"

అది కంఠతా వచ్చిన జవాబే. "చావు కబురు మొయ్యడానికి సార్. ఆ కబురు అయినవాళ్ళు చెప్పకూడదు. ఫోన్లోనూ చెప్పకూడదు. అవతలి తెగవాడే మోసుకొస్తాడు. వచ్చీరాగానే చెప్పడు. ముందు ఆటపట్టిస్తాడు. పోయినవాళ్ళని మేం పట్టుకున్నాం, మేకనిస్తే..."

చూపు తలుపు వైపు మళ్ళింది.

"ఊఁ, మేకనిస్తే?"

"...వదిలేస్తాం అంటాడు సార్. నవ్వించాకే అసలు కబురు చెప్తాడు. నవ్విన గుండె తట్టుకుంటుందని."

"నవ్వకపోతే?"

"చెప్పడానికి వీల్లేదు. తిరిగెళ్ళిపోతాడు."

"అసలు చుట్టరికమే లేదు పొమ్మంటే?"

ఎలియమాని బల్ల అంచు పట్టుకున్నాడు. "వాడి కోసం ఎవరూ ఆగరు సార్. ఆ పూటే పూడ్చేస్తారు. గుప్పెడు మట్టి వెయ్యడానికి కూడా వాణ్ణి రానివ్వరు."

"శభాష్! ఏ పుస్తకంలో ఉందిది?"

"పుస్తకం కాదు సార్. నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన కబురు బడికి తెచ్చిన చాగ్గా ఆయన... నన్ను పగలబడి నవ్వించి, అప్పుడు చెప్పి, కొండ మీద మా ఇంటిదాకా భుజాల మీద మోసుకెళ్ళాడు. నేను ఏడుస్తుంటే దారంతా ఆ కోడి కేసు కథే చెప్పాడు."

ప్రొఫెసర్ లేచి చెయ్యి చాచాడు. "అభినందనలు, డాక్టర్ ఎలియమాని!"

అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ అందరికంటే గట్టిగా కొట్టింది.

డాక్టర్ ఎలియమాని కిటికీలోంచి మెట్లకేసి చూశాడు. టైరు చెప్పు ఇంకా అక్కడే పడి ఉంది.

గార్డు పట్టుకుని గేటవతలికి తోసింది, తనని కొండెక్కించిన ఆ భుజాలనే.