రెండు గదుల ఇల్లు

"నేను రాను! నేను పిన్ని దగ్గరే ఉంటాను!"

పక్కింటావిడ నడుము పట్టుకుని వేలాడుతోంది చిట్టి. సామాను ఎక్కించిన వ్యాను వీధిలో సిద్ధంగా ఉంది. డ్రైవరు ఇప్పటికి రెండుసార్లు హారను కొట్టాడు.

"తప్పు చిట్టీ. కొత్తిల్లు ఎంత పెద్దదో తెలుసా? నీకు విడిగా ఒక గది కూడానూ," అంటూ నర్సమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. ఆసుపత్రిలో ఎంత మొండి రోగి చేతనైనా మందు మింగించే మనిషి ఆవిడ. ఏడేళ్ళ కన్నకూతురు మాత్రం ఆ చెయ్యి విదిలించి కొట్టింది.

"నాకు గది వద్దు. అక్కడ నాకు జడ ఎవరు వేస్తారు? నీకు వచ్చా?"

పక్కింటావిడ ఎటో చూస్తూ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది.

పిల్ల అన్నదాంట్లో అబద్ధమేముంది? నాలుగేళ్ళుగా నర్సమ్మ భర్త పగలంతా ఒక ప్రెస్సులో, సాయంత్రం నుంచి ఇంకో ప్రెస్సులో కాగితాలు కోసే మిషను ముందు నిలబడ్డాడు. ఆమె రాత్రంతా వార్డులో, పగలు ఇంటింటికీ తిరిగి సూదులు వెయ్యటంలో. గుమ్మంలో ఎదురుపడి తాళంచెవి చేతులు మార్చుకోవటమే వాళ్ళ కాపురం. చిట్టికి పాలపన్ను ఊడినా, కూడబలుక్కుని తొలిసారి ఒక మాట చదివినా, అన్నీ పక్కింట్లోనే. ఊళ్ళోవాళ్ళ జ్వరాలన్నీ చూసే నర్సమ్మ, కూతురి జ్వరం సంగతి తగ్గాక తెలుసుకునేది.

ఆఖరి మూట భుజాన వేసుకుని భర్త బయటికొచ్చాడు.

"ఇంకా ఎక్కలేదా? ఇలా బతిమాలుతూ కూచుంటే తెల్లారినట్టే!" మూట దించి, పిల్లను ఒక్క గుంజు గుంజాడు. చిట్టి గుక్కపట్టి ఏడ్చింది.

"వదలండి దాన్ని! అదేమన్నా సామానా, ఎత్తి పడెయ్యటానికి?"

"మరేం చెయ్యమంటావు? నడుం విరిగేలా చాకిరీ చేసి ఇల్లు కొంటే తల్లీకూతుళ్ళిద్దరూ శోకాలు పెడుతున్నారు! ఇదంతా ఎవరి కోసం చేశాననుకున్నావు? నీ కోసమే కదా!"

"నా కోసమా?"

"కాదూ? మీ అక్క వాళ్ళ మేడంతా తిరిగి చూసొచ్చి, రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేకుండా కూచున్నావు. నాకు కళ్ళు లేవనుకున్నావా? ఆ రోజే అనుకున్నాను, దీన్ని ఇంక ఈ ఇరుకులో ఉంచకూడదని."

"అయ్యో, ఎందుకలా ఉన్నానో ఒక్క మాట అడిగారా? అంత మేడలో మా అక్కా బావా ఒకళ్ళనొకళ్ళు ఫోను చేసి పిలుచుకుంటున్నారండీ. అది చూసి దిగులేసింది నాకు." "మీకే కదా ఇల్లు కావల్సింది! మీ స్నేహితుడొచ్చి మనిల్లు పిచ్చుకగూడులా ఉందని నవ్విపోయాడు. ఆ పూట మీరు ముద్ద ముట్టలేదు. నలుగురిలో మీకు తలవంపులు కాకూడదనే నేను రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాను."

ఆయన తెల్లబోయి దవడ తడుముకున్నాడు.

"ఆ పూట నాకు పన్ను సలిపిందే, పిచ్చిదానా."

డ్రైవరు మళ్ళీ హారను కొట్టాడు. ఎవరూ అటు చూడలేదు. ఆయన మెల్లగా గుమ్మంలో కూలబడ్డాడు.

"వాడు పిచ్చుకగూడు అంటే, నిజమే, ముగ్గురం ఎంత వెచ్చగా ఉన్నామో అనుకున్నాను నేను."

నర్సమ్మ పక్కనే కూచుంది. నాలుగేళ్ళ తర్వాత పట్టపగలు పక్కపక్కన కూచోవటం వాళ్ళకు అదే మొదలు.

"ఏమండీ, ఈ ఇల్లు కొన్నవాళ్ళు ఇంకా లోపలికి రాలేదుగా. కాళ్ళు పట్టుకునైనా అడుగుదాం. కొత్తిల్లే అమ్మేసుకుందాం."

ఇల్లు కొనుక్కున్న ఎలక్ట్రీషియను అప్పుడే తోపుడుబండి మీద సామానుతో వచ్చాడు. వెనకాల నిండు చూలాలు, అతని భార్య. ఆయన లేచి ఎదురెళ్ళి రెండు చేతులూ జోడించాడు.

"తమ్ముడూ, ఏమీ అనుకోకు. ఈ ఇల్లు మాకు వదిలెయ్. నీది నీకు పైసాతో సహా ఇచ్చేస్తాను."

"భలేవారే అన్నగారూ! కాగితాలన్నీ అయిపోయాక ఇదేం మాట?" అతను వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ ఇన్నాళ్ళూ ఒంటిగదిలో సర్దుకుంది. నోరు తెరిచి అడగదు గానీ, దాని మనసు నాకు తెలీదా? దీని కోసం రేపట్నుంచి రెండో షిఫ్టు కూడా ఒప్పుకున్నాను. కడుపుతో ఉన్న మనిషిని గుమ్మం దాకా తీసుకొచ్చి వెనక్కి తిప్పమంటారా?"

ఆయన జోడించిన చేతులు కిందికి జారిపోయాయి.

పక్కింటావిడే చిట్టిని ఎత్తుకెళ్ళి వ్యానులో కూచోబెట్టింది. "సాయంత్రం జడ వెయ్యటానికి నేనొస్తాగా," అంది. కొత్తిల్లు ఊరికి ఆ చివర. ఆవిడ రావటం కుదరదని పెద్దవాళ్ళందరికీ తెలుసు. చిట్టి నమ్మి కళ్ళు తుడుచుకుంది.

ఆయన తాళంచెవి ఎలక్ట్రీషియను చేతిలో పెట్టి, తిరిగి చూడకుండా వ్యానెక్కాడు. అతను మంచం దించటానికి బండి దగ్గరికెళ్ళాడు. అతని భార్య మాత్రం గుమ్మం బయటే నిలబడిపోయింది.

"లోపలికి రామ్మా," అంది నర్సమ్మ, ఏడుపు దిగమింగుకుంటూ. "ఇంక ఇది నీ ఇల్లు."

ఆ అమ్మాయి మొగుడు వింటున్నాడేమోనని ఒకసారి చూసుకుని, నర్సమ్మ చెవి దగ్గరికి వంగింది.

"ఆయనతో అనకండేం అక్కా. నాకు ఆ ఒంటిగదే బాగుండేది. పెద్దిల్లని ఆయనే మోజుపడుతుంటే, కాదనలేక సరేనన్నాను."