రాబందు

కెమెరా పట్టుకుని ఆ పెద్దమనిషి విమానం ఎక్కగానే ఆరిన్ ముఖం తిప్పుకున్నాడు.

"రాబందు వచ్చింది. ఇవాళ ఎవరికి మూడిందో" అన్నాడు అందరికీ వినిపించేలా.

ఇంగ్లండ్‌లోని ఆ అమెరికన్ వైమానిక స్థావరంలో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, లేలండ్ పర్విస్‌కి అదే పేరు. నలభై అయిదేళ్లుంటాయి. బాంబులు పడ్డ చోటును ఫోటో తీయడం ఆయన పని. కానీ తమవాళ్ల విమానం ఏదైనా కూలుతుంటే చాలు, కెమెరా అటు తిప్పేస్తాడు. శవాల మీద పేలాలు ఏరుకునే రకమని అందరికీ ఒళ్లుమంట.



విమానం పక్క కిటికీ దగ్గరున్న తుపాకీ పేల్చడం ఆరిన్ పని. ఆ కిటికీలోంచి కనిపించే విమానంలో, తోక తుపాకీ దగ్గర అతని తమ్ముడు డ్యూయీ ఉన్నాడు.

జర్మనీ మీదికి చేరేసరికి కింది నుంచి ఫిరంగులు మొదలయ్యాయి. చుట్టూ నల్లటి పొగ ముద్దలు.

ఒక గుండు డ్యూయీ విమానం రెక్క విరిచేసింది.

ఆరిన్ కొయ్యబారిపోయాడు. పర్విస్ అతన్ని భుజంతో నెట్టి, అడ్డమని కవచం కూడా విప్పేసి, కిటికీలోంచి నడుం దాకా వంగి ఫోటోలు తీస్తున్నాడు.

"ఆ తోకలో ఉన్నది నా తమ్ముడయ్యా. నువ్వసలు మనిషివేనా?" ఆరిన్ మైకులో అరుస్తూ ఆయన వీపు మీద గుద్దాడు.

"కొట్టుకో. కెమెరా మాత్రం కదపకు" అన్నాడు పర్విస్, కన్ను తీయకుండా.

ఆరిన్ కళ్లు మూసుకున్నాడు.

తిరిగొచ్చాక, కూలిన విమానంలోంచి ఎన్ని పారాచూట్లు తెరుచుకున్నాయో చూసినవాళ్లు చెప్పాలి. దాన్ని బట్టే ఇంటికి కబురు వెళుతుంది.

"ఒక్కటీ తెరుచుకోలేదు" అన్నాడు ఆరిన్. చూడలేకపోయానని చెప్పడానికి నోరు రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఫోటోల విభాగం కెప్టెన్ టాల్మన్ అతన్ని పిలిచాడు.

"మీ అమ్మకు ఉత్తరం రాశావా?"

"చెయ్యి రావడం లేదు సార్."

"ఇది చూసి రాయి."

ఫోటోలో మేఘాల మీద తెల్లచుక్కలు. ఒకదాని చుట్టూ పెన్సిల్‌తో గీసిన సున్నా. వెనక పర్విస్ చేతిరాత: 'ఏడు తెరుచుకున్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. తోక తలుపులోంచి దూకినవాడిది కూడా తెరుచుకుంది. వాళ్ల అన్నకు చెప్పండి.'

ఆరిన్ బల్ల పట్టుకుని భోరుమన్నాడు.

"ఆయనెక్కడ సార్? కాళ్ల మీద పడతాను."

"నిన్న వేరే విమానంలో వెళ్లాడు. అది సముద్రం మీద కూలిపోయింది."

"పారాచూట్లు?"

"తలా ఒక మాట చెబుతున్నారు. సరిగ్గా చెప్పగలిగిన మనిషి అందులోనే ఉన్నాడు."

కెప్టెన్ ఆ ఫోటోను ఆరిన్ చేతిలో పెట్టాడు.

"ల్యాబ్‌లో నీడపట్టున ఉండాల్సిన మనిషి. ఎగరమని ఎవరూ అడగలేదు. కిందటేడు ఆయన కొడుకు విమానం పడిపోతుంటే ఇరవై విమానాల వాళ్లు చూశారు. ఆ పిల్లాడి పారాచూట్ తెరుచుకుందో లేదో ఆయనకు చెప్పగలిగినవాడు ఒక్కడూ లేకపోయాడు."