గోడ అవతలి బావి

చిన్నకోడలు పెళ్లై ఆ దీవిలో అడుగుపెట్టిన వారానికే రెండు సంగతులు తెలుసుకుంది. ఒకటి, దీవి ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే గంట కూడా పట్టదు. రెండు, అంత చిన్న చోట తోడికోడలి కంట పడకుండా బతకడం ఎవరి వల్లా కాదు.

ఏరు లేదు, చెరువు లేదు. నడుమ కాస్త మిట్ట, చుట్టూ ఇసుక, ఆ తర్వాత అంతా సముద్రమే. మిట్ట మీద బావగారి వాటా. దాని పక్కనే పల్లంలో, ఒడ్డు వైపు, వీళ్ల వాటా. మధ్యలో నడుమెత్తు గోడ. గోడకి అటొక బావి, ఇటొక బావి. అటు నీళ్లు తీపి, ఇటు నీళ్లు ఉప్పు. ఇక ఆమెకి నిద్ర పడుతుందా?

పెద్దకోడలు పొద్దున్నే మోటారు వేసేది. మధ్యాహ్నం దాకా అది గుడగుడమంటూనే ఉండేది. అటు అరటితోట పచ్చగా కళకళలాడేది. ఇటు నాటిన టమాటా మొక్క నెల తిరక్కుండా మాడిపోయేది. తల రుద్దుకుంటే జుట్టు పీచులా తయారయ్యేది. టీ పెడితే పాలు విరిగేవి.

అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. పడవలు బాగుచేసే మొగుడు సాయంత్రం పని నుంచి వస్తూ గోడ దగ్గర ఆగిపోయేవాడు.

"వదిన టీ ఇచ్చింది. నాకు పెట్టకులే" అనేవాడు లోపలికొస్తూ.

ఆ మాటకి ఆమె ఒళ్లు భగ్గుమనేది.

పెద్దకోడలు రోజూ గోడ మీద ఒక బిందె పెట్టేది. "చెల్లీ, మంచినీళ్లు. వంటకి వాడుకో" అనేది. చిన్నకోడలు ఆ బిందె తీసుకెళ్లి, ఆవిడ చూస్తుండగానే బొప్పాయి మొదట్లో కుమ్మరించేది. మాకేం గతిలేదనుకుందా అని కసి. నాలుగు రోజులకి బిందె రావడం మానేసింది.

చివరికి మొగుడే విసిగిపోయాడు.

"ఈ బావి పూడ్చేద్దాం. వదిన వాళ్లది ఉందిగా, అక్కడే తోడుకుందాం."

"జీవితాంతం ఆవిడ గుమ్మం ముందు బిందె పట్టుకుని నిలబడాలా? చచ్చినా నిలబడను."

"అయితే వానలు వెళ్లేదాకా చూస్తా. అప్పటికీ ఉప్పగానే ఉంటే పూడ్పించేస్తా. ఇక నువ్వేమన్నా వినను."

మర్నాడే ఆమె బావులు తవ్వే ముసలాయన్ని పిలిపించింది. ఇంకో నాలుగు నిలువులు లోతు తవ్వమంది. ఆయన బావిలోకి తొంగిచూసి తల అడ్డంగా ఊపాడు.

"లోతుకి పోతే ఇంకా ఉప్పమ్మా. ఈ దీవి కింద మంచినీళ్లు పాల మీద మీగడలా తేలుతుంటాయి. అడుగున ఉన్నదంతా సముద్రమే. మిట్ట మీద మోటారు అంతసేపు లాగుతుంటే పల్లంలో ఉప్పు పైకి రాదా మరి?"

"అంటే నా మంచినీళ్లు కూడా ఆవిడ అరటితోటే తాగుతోందన్నమాట." గోడ అవతల పెద్దకోడలు బట్టలు ఆరేస్తోందని తెలిసే గొంతు పెంచింది.

"మోటారు కాస్త ఆపమని అడిగి చూడమ్మా."

"ఆవిణ్ణి నేను అడుక్కోవాలా? దానికన్నా ఈ ఉప్పునీళ్లు తాగి పోవడం నయం."

ముసలాయన గునపం భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. అవతల తడిబట్టలు దులుపుతున్న చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

పది రోజులు తిరక్కుండా దేవుడు కళ్లు తెరిచాడు. అంటే, చిన్నకోడలు అలా అనుకుంది.

పెద్దకోడలు చెంబుతో నీళ్లు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"చెల్లీ, ఇవి కాస్త నోట్లో పోసుకుని చూడు. నాకేదో తేడాగా ఉంది."

చిన్నకోడలు ఒక గుక్క తాగి థూ అని ఉమ్మేసింది. కటిక ఉప్పు.

"అయ్యో అక్కా" అంది పైకి. లోపల మాత్రం, అంతలా లాగితే రాదా మరి అనుకుంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఆ రోజుతో మోటారు మూగబోయింది. పెద్దకోడలు బావి మీద చెక్కమూత వేసేసింది. అరటితోట ఆకు తర్వాత ఆకు ఎండిపోయింది. ఆ ఎండుటాకుల చప్పుడు చిన్నకోడలి చెవికి ఇంపుగా ఉండేది.

వానలు వచ్చి వెళ్లాయి. ఆమె బావిలో ఉప్పు కొద్దికొద్దిగా విరిగి, నీళ్లు తీపెక్కాయి. టమాటాలు కాశాయి. మొగుడు ఇంట్లోనే టీ తాగి, ఇంకో కప్పు అడిగాడు. పూడ్చే మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు బిందె పట్టుకుని వచ్చేది పెద్దకోడలు.

"ఉండక్కా, ముందు నా మొక్కలకి పోసుకోనీ" అని చిన్నకోడలు ఆవిణ్ణి ఎండలో నిలబెట్టేది.

"కానీ తల్లీ, నాకేం తొందర" అనేది ఆవిడ. ఆ మెత్తదనం చూస్తే చిన్నకోడలికి ఇంకా మంట.

ఒకరోజు బావగారు, పెద్దకోడలు పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్లారు. సరిగ్గా ఆ రోజే చిన్నకోడలి బకెట్టు తాడు తెగి బావిలో పడింది. తీయడానికి కొక్కెం కోసం గోడ దాటి అటు వెళ్లింది.

కొక్కెం ఆ బావి మూత మీదే ఉంది. తీసుకుని వచ్చేస్తే సరిపోయేది. కానీ మనసు ఊరుకోలేదు. ఆవిడ ఉప్పు ఇంకోసారి రుచి చూసి, తనివితీరా ఉమ్మేసి పోదామనిపించింది. చుట్టూ చూసి మూత జరిపింది. అక్కడే ఉన్న, ఇంకా తడారని చేద వేసి, తోడి, దోసిలి పట్టింది.

ఉమ్మేయడానికని నోటినిండా తీసుకున్న ఆ నీళ్లు కొబ్బరినీళ్లలా తియ్యగా ఉన్నాయి.