ఆకు లేని గ్రీన్

“ఇక ఆ కిటికీ పక్క బల్ల నీదే,” అన్నారు ఫోన్లో పెద్ద మేడమ్. “గ్రీన్ బాగా వచ్చింది. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు.”

ఆమె గరిటె పట్టుకునే థ్యాంక్స్ చెప్పింది. ఫోన్ పెట్టేశాక గాలికి మరోసారి చెప్పింది. స్టవ్ ఆపి, ముందుగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న భర్త దగ్గరికి పరుగెత్తి వెనక నుంచి మెడ చుట్టూ చేతులు వేసింది. గరిటె కూడా ఆమెతో పాటే వచ్చింది. ఎవరి పేపరు మీదో పులుసు చుక్క పడింది.

“ఉద్యోగం ఖాయమైందా?” అన్నాడతను తల తిప్పకుండానే.

“మీకెలా తెలుసు?”

“గరిటెతో వచ్చావుగా. కాకపోయుంటే చీపురుతో వచ్చేదానివి.”

పెళ్ళయి మూడు నెలలు. ఇంగ్లీషు నిఘంటువులు తయారుచేసే ఆఫీసులో ఆమెది ఇంతవరకూ తాత్కాలిక ఉద్యోగం. విద్యార్థుల కోసం వేస్తున్న కొత్త కూర్పులో రంగుల మాటలు ఆమె వంతుకొచ్చాయి. రెడ్, బ్లూ, గ్రీన్ లాంటివి ఈమధ్య ఏయే కొత్త అర్థాలు కూడగట్టుకున్నాయో రాయాలి. బాగా రాస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. మిగతావి ఎలాగో గట్టెక్కాయి గానీ గ్రీన్ దగ్గర బండి ఆగిపోయింది. ఏ అర్థం మొదలుపెట్టినా తిరిగి తిరిగి ఆకుల దగ్గరే తేలుతోంది. పెద్ద మేడమ్ రెండుసార్లు తిప్పి పంపారు. నువ్వు రంగుని చూస్తున్నావు తప్ప మాటని వినడం లేదని కూడా అన్నారు.

చివరికి దారి చూపించింది ఇంట్లో ఉన్న మాస్టారే. ఆమె భర్త హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. ఇంగ్లీషుతో చుట్టరికం అంతంత మాత్రం. కిందటి ఆదివారం ఆమె ముఖం వేలాడేసుకుని కూర్చుంటే, పక్కన చేరి తమ స్కూల్లో కొత్తగా కట్టిన భవనం సంగతి ఎత్తాడు. దాన్ని అందరూ గ్రీన్ బిల్డింగ్ అంటారు. చూస్తే గోడలు తెల్లగా, పైకప్పు తెల్లగా ఉంటాయి. అయినా ఏ పిల్లవాడికీ ఆ పేరు మీద అనుమానం రాలేదు.

“అసలు రంగే లేదనుకో,” అన్నాడు. “హెడ్మాస్టరు విహారయాత్రకి గ్రీన్ సిగ్నల్ ఇచ్చారంటే, ఇక మమ్మల్ని ఎవరూ ఆపరని ధీమా. గ్రీన్ బిల్డింగ్ అంటే, వెనక వచ్చేవాళ్ళకి కూడా కాస్త గాలీ నీళ్ళూ మిగిల్చామని ధీమా. నాకు వినిపించేది ఆ ధీమాయే. ఆకు ఎక్కడా కనిపించదు.”

ఆమె ఆకుల్ని దులిపేసి అదే రాసింది.

ఇప్పుడా సంతోషం కడుపులో దాగక అక్కకి ఫోన్ చేసింది. ఉద్యోగం సంగతి ఒక్క ముక్కలో చెప్పి మొగుడి సంగతి ఎత్తుకుంది. రోజూ తను తీసిచ్చిన చొక్కానే వేసుకుంటాడట, తనంతట తాను అల్మారా తెరవడట. టమాటాలు నువ్వు ఏరితేనే కూరకి రుచి అంటూ సంచీ పట్టుకుని పక్కన నిలబడతాడట. ఎర్ర సిరా చూస్తే పిల్లలు బెదిరిపోతారని పేపర్లు పెన్సిల్‌తో దిద్దుతాడట. పెళ్ళిచీర కొన్నప్పుడైతే, ఏది చూపించినా నువ్వు కట్టుకుంటే బాగుంటుందనే అన్నాడట.

అక్క అంతా ఓపిగ్గా విని, “మూడు నెలలేగా, కాస్త ఆగు. మీ బావ కూడా మొదట్లో ఇలాగే ఉండేవాడు,” అంది.

ఆమె నవ్వుకుంటూ వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. అతనికి ఏదో ఒకటి ఇవ్వాలని మనసు కొట్టుకుంటోంది. వెల్ల వెలిసిపోయిన పడకగది గోడ గుర్తొచ్చింది.

“రేపు సెలవు కదా. పొద్దున్నే రంగుల దుకాణానికి వెళ్దాం. ఇన్నాళ్ళూ అన్నీ నాకే వదిలేశారు, ఆ గోడ మాత్రం మీది. మీరు వేలు పెట్టి చూపించిందే వేయిద్దాం. నేను నోరు మెదపను.”

అతని పెన్సిల్ ఆగింది.

“వెళ్దాం. కానీ ఎంచేది నువ్వే.”

“మళ్ళీ మొదలా? నాకు ఎరుపూ ఇష్టమే, గ్రీనూ ఇష్టమే. ఆ రెంటిలో ఒకటి చూపించడానికి ఏమైంది మీకు?”

అతను పేపర్లు పక్కకి జరిపి ఆమె చెయ్యి అందుకున్నాడు.

“పెళ్ళికి ముందే చెప్పాల్సింది. కాదంటావేమోనని నోరు రాలేదు. రోజూ చొక్కా తీసిచ్చినందుకు నీకు నేనే థ్యాంక్స్ చెప్పాలి.”

“దేనికండీ అంత మాట?”

“నా కంటికి ఎరుపూ గ్రీనూ ఒకే రంగు.”