అమ్మేది కాదు

"అమ్మ కాదా? అనడానికి నువ్వెవరివోయ్?"

పెద్దాయనకి వినికిడి సగం, విసురు రెండింతలు. "ఈ పటం ఇంటికి తీసుకెళ్లచ్చా?" అని అడిగితే కాపలాదారు ఏదో జవాబు చెప్పాడు, అంతే. చిత్రశాలలో బొమ్మలు చూడటానికి వచ్చినవాళ్లంతా బొమ్మల్లా నిలబడిపోయారు.

కూతురికి తల కొట్టేసినట్టయింది. పటం కింద చీటీలో 'పేరు తెలియని స్త్రీ' అని రాసుంది.

"ఎవరో ఏమో నాన్నా! అందరూ చూస్తున్నారు."

"చూడనీవే! నువ్వూ చూడు. ఎడమ చెవి తమ్మె చిరిగి లేదూ? పాలు తాగుతూ నేనే దుద్దు పట్టుకు లాగేశానట. ఈ బొమ్మ వేసినాయన ఇంట్లో అంట్లు తోమేది. నా అయిదో ఏట పోయింది. ఒక్క ఫొటో కూడా లేదే. ఇన్నాళ్లూ మొహం మర్చిపోయాననే అనుకున్నా."

కూతురు దగ్గరికెళ్లి చూసింది. తమ్మె రెండుగా చీలి ఉంది. ఆ మొహం ఎలా ఉండేదని తండ్రిని ఏనాడూ అడగలేదు తను.

"నాన్నమ్మే," అంది, కాపలాదారు వైపు తిరిగి.

కాపలాదారు టోపీ తీసి, పెద్దాయన చెవి దగ్గరికి వంగి, గదంతా వినబడేలా చెప్పాడు.

"బాబాయిగారూ, 'అమ్మేది కాదు' అన్నానండీ. అమ్మ కాదనలేదు."