గ్లౌజు లేని చెయ్యి

ఫ్రీమేసన్లనే రహస్య సంఘం వాళ్ళ లాడ్జిలో చేర్చుకునే రాత్రి కొత్తవాడి కళ్ళకు గంతలు కట్టి పక్కగదిలో కూర్చోబెడతారు. లోపలివాళ్ళలో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని నడిపించేదాకా కదలకూడదు, నోరు మెదపకూడదు. నా పేరు ప్రతిపాదించిన ప్లీడరు రామచంద్రమూర్తి గారు ఇదంతా ముందే చెప్పారు.

ఎనభై నాలుగు, మే నెల. నూజివీడు తోటల్లో ఆకు కదలడం లేదు. కరెంటు పోయి ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయింది. చాలాసేపటికి ఒక చెయ్యి నా కుడిచేతిని పట్టుకుంది. చల్లగా, మామిడి సొన అంటినట్టు జిగటగా ఉంది. నడుస్తుంటే నా అడుగుల చప్పుడే వినిపించింది. తలుపు దగ్గర ఆ చెయ్యి నన్ను ఆపి, నా చేతిని వదలకుండానే మూడుసార్లు తట్టింది.

తలుపు తెరుచుకుంది.

"గంగాధరం మాస్టారూ, తొందరేంటండీ?" ప్లీడరు గారి గొంతు. "మేం వచ్చేదాకా ఆగమన్నాను కదా! కళ్ళకు గంతలతో ఒక్కరే ఎలా వచ్చారు?"

ఇదీ ఓ పరీక్షేమో అనుకుని నవ్వాను. "ఒక్కణ్ణేంటండీ? మీవాళ్ళే తీసుకొచ్చారుగా, ఆ సొన చేత్తో."

ఎవరూ నవ్వలేదు. ఎడమచేత్తో గంతలు లాగేశాను. పెట్రోమాక్స్ వెలుగులో అందరూ వెనక్కి జరుగుతున్నారు. అందరి చేతులకీ తెల్లటి, పొడి గ్లౌజులు. నా పక్కన ఎవరూ లేరు.

నా కుడిచేతిని పట్టుకున్న వేళ్ళు మాత్రం ఇంకా వదల్లేదు.