బాబాయ్ అసెంబ్లీ ముక్క

“బాబాయ్ గారూ, లిఫ్టు ప్రోగ్రాం మధ్యలో మీరు అసెంబ్లీ భాషలో ఇరికించిన ముక్క తీసేశాను,” అంది కొత్తగా చేరిన అమ్మాయి.

ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే సీనియర్ టీ కప్పు దించాడు. “ఎందుకమ్మా?”

“దాని ఫలితం ఎవరూ వాడుకోవట్లేదని, ప్రోగ్రాంని మెషీను భాషలోకి మార్చే కంపైలరే ప్రతిసారీ తీసి అవతల పారేస్తోంది. ఉన్నా లేకపోయినా ఒకటే.”

ఇంతలో మేనేజరు వచ్చి తెర మీదికి వంగాడు. “అరె, ప్రోగ్రాం ఇంత తేలికా! జరగమ్మా. తలుపులు మరీ నెమ్మదిగా మూసుకుంటున్నాయి, ఆ సెకన్ల అంకేదో నేనే తగ్గిస్తాను.”

ఆ తలుపుల మధ్య మనుషులు నడుస్తారు. ఆయన కుర్చీ లాక్కునేలోపే, తీసేసిందంతా అమ్మాయి మళ్లీ వెనక్కి తెచ్చింది. తెర నిండా అర్థంకాని అక్షరాలు. వాటి పైన “ముట్టుకుంటే లిఫ్టు ఆగిపోతుంది” అని బాబాయ్ రాసిన హెచ్చరిక.

కీబోర్డు మీద పెట్టబోయిన చెయ్యి మేనేజరు చటుక్కున లాక్కున్నాడు. “అమ్మో, ఇదంతా బాబాయ్ చూసుకుంటాడులే,” అంటూ మెల్లగా జారుకున్నాడు.

అమ్మాయి నోరు తెరిచింది. “అంటే, కంపైలర్ పారేస్తుందని మీకు ముందే తెలుసా?”

బాబాయ్ మళ్లీ టీ అందుకున్నాడు.

“కంపైలర్‌కి బెదిరింపులెందుకమ్మా? దానికి తెలివుంది.”